అరుగు ఎవరిది?

2018 మార్చిలో బాలకృష్ణ దోషికి ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించినప్పుడు పేపర్లన్నీ ఒకే పాట పాడినయి. పేదవాళ్ల ఇండ్ల గురించి ఆలోచించిన వాస్తుశిల్పి అన్నయి. ఆ విద్యలో ప్రపంచంలో అంతకు మించిన బహుమతి లేదంటారు. భారతీయుడికి దక్కడం అదే మొదలు. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు మళ్లీ అదే పాట. ఆ మాట అబద్ధమని నేను అనను. అహ్మదాబాదులో ఆయన పెట్టిన 'వాస్తుశిల్ప' ఆఫీసు 1950ల నడుమ నుంచి ఆయన బతికున్నంత కాలం ఇండ్ల మీద పెట్టినంత బుద్ధి ఇంకే ఆఫీసైనా పెట్టిందా అంటే నేను వెంటనే పేరు చెప్పలేను. అందుకే నా తగాదా దానితోనే. బుద్ధి పెట్టనోళ్లతో తగాదా ఏముంటది? వాళ్లు అపార్టుమెంట్లు కట్టుకుంటరు, అమ్ముకుంటరు, పోతరు.

బుద్ధి పెట్టినవాళ్లకు కొన్ని ముద్దు మాటలున్నయి. అరుగు. గడప. వాకిలి. వీధి. సముదాయం. అరుగును గుజరాతీలో ఓట్లా అంటారు. దోషి గురించి వచ్చిన ఏ పుస్తకం తెరిచినా ఓట్లా కనిపిస్తది, పాత అహ్మదాబాదు పోళ్లు కనిపిస్తయి, ఇంటికీ వీధికీ నడుమ ఉండే ఆ నీడపట్టు జాగా గొప్పతనం కనిపిస్తది. అటు పూర్తిగా ఇల్లు కాదు, ఇటు పూర్తిగా వీధి కాదు. ముసలోళ్లు కూర్చుంటరు, పిల్లలు ఆడుకుంటరు, ఆడవాళ్లు బియ్యం చెరుగుతరు, దారిన పోయేటోడు ఆగి నాలుగు మాటలు మాట్లాడిపోతడు. చదవడానికి బాగుంటది. బొమ్మలో ఇంకా బాగుంటది. ఆ దారిన పోయేటోడు ఎవడు అన్నది మాత్రం అందులో ఉండదు.

నేను ఆర్కిటెక్టును కాను. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు చేసిన పాలమూరు మాదిగోణ్ణి. 1989 నుంచి ముప్ఫై ఏండ్లు హైదరాబాదులో రెండు మూడు ఆఫీసుల్లో ఇండ్ల ప్లాన్లు గీసిన. మొదట్లో ట్రేసింగ్ పేపరు మీద సిరా పెన్నుతో. తప్పు గీత పడితే బ్లేడుతో గీకి, అమ్మోనియా ఘాటులో ప్రింట్లు తీసి. తర్వాత కంప్యూటర్ మీద. ప్రతి షీటుకు కింద కుడిపక్క ఒక గడి ఉంటది. అందులో ఆర్కిటెక్టు పేరు పెద్దక్షరాలతో, గీసినోని పేరు రెండు పొడి అక్షరాలతో. ఇటుక మోసినోళ్లకు ఆ గడిలో జాగా లేదు.

మా అమ్మా నాయినా ఆ గడిలో జాగా లేనోళ్లు. పాలమూరు లేబర్ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. గుంపు మేస్త్రి పండుగ ముందు వచ్చి అడ్వాన్సు చేతిల పెడ్తడు, పండుగ దాటినంక లారీ ఎక్కిస్తడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పదేండ్లు వచ్చేదాకా నేను పండుకున్నవన్నీ వేరేవాళ్ల ఇండ్లే. గోడలు లేచినయి, స్లాబు పడ్డది, తలుపులు ఇంకా పెట్టలేదు, అట్లాంటి ఇండ్లల్ల మా కాపురం. స్లాబుకు పొద్దుమాపు నీళ్లు కొట్టాలె, సిమెంటు బస్తాలకు కావలుండాలె. ఒక ఇంట్లో ఈశాన్యం మూలన చిన్న గది ఉండేది. మా అమ్మ అందులో మూడు రాళ్లు పెట్టి గంజి కాచేది. అది దేవుని గది అని మాకు గృహప్రవేశం ముందురోజే తెలిసింది. ఆ రాత్రే మూట గట్టుకొని పక్క ప్లాటులో ఇసుక కుప్ప మీదికి మారినం. పొద్దుగాల ఆవును తెచ్చిండ్రు. ఆవు గడప దాటింది. అయ్యగారు దాటిండు. ఇంటోళ్లు దాటిండ్రు. ఏడు నెలలు అదే గడప మీదుగా తట్టలు మోసిన మా అమ్మకు బయట విస్తరి వేసిండ్రు. ఆమెకు కోపం గూడ రాలేదు. "మనం పండుకున్నమని వాళ్లకు ఎర్కనే గదరా, అందుకే అన్నిసార్లు కడుగుతుండ్రు" అని నవ్వింది.

సౌందర్యశాస్త్రం నేర్చుకున్నది నేను అక్కడ. పుస్తకాలు తర్వాత వచ్చినయి.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో సారు బల్ల వెనుక షెల్ఫు నిండా పుస్తకాలుండేవి. మధ్యాహ్నం అందరూ తిండికి పోయినప్పుడు దోషి పుస్తకాలు తీసి చూసేటోణ్ణి. ఇంగ్లీషు కూడబలుక్కొని చదివేది. ప్లాను చదవడానికి ఇంగ్లీషుతో పని లేదు గదా. ఆ ప్లాన్లు చూసి మురిసిపోయిన. కొన్ని చూస్తే ఇప్పటికీ మురుస్తా. కాబట్టి ఆ ఆఫీసు ఏం చేసిందో ముందు చెప్పుకోవాలె.

దోషి 1951 నుంచి 54 దాకా పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేసిండు. ఆ పనుల మీదనే అహ్మదాబాదుకు తిరిగొచ్చిండు. అక్కడ కార్బూజియేతో కట్టించుకున్నది ఎవరు? బట్టల మిల్లుల యజమానులు. వాళ్ల సంఘానికి ఒక భవనం, సారాభాయ్‌ల ఇల్లు, శోధన్ ఇల్లు. ఆ మిల్లుల్లో పనిచేసే దళితులకు నూలు వడికే ఖాతాలో పని దొరికేది గాని నేసే ఖాతాలో దొరికేది కాదు. నేసేటోడు కండెలోని దారాన్ని నోటితో పీల్చాలె. అంటరానోడు నోరు పెట్టిన కండెను ఇంకొకడు ముట్టడు. అహ్మదాబాదు ఆధునిక వాస్తుశిల్పానికి పైసలు వచ్చింది ఈ మిల్లుల నుంచి. ఈ ముక్క పుస్తకంలో ఒక్క లైనన్నా ఉంటే బాగుండేది.

1954లోనే ఆయన ఒక ప్రతిజ్ఞ చేసుకున్నడట, అందరికన్నా కిందున్న వర్గానికి సరైన ఇల్లు అందించాలని, బతుకంతా దాన్ని మరువొద్దని. ఆ తర్వాత వరుసగా టౌన్‌షిప్‌లు వచ్చినయి. 1960ల్లో బరోడాలో ఎరువుల కంపెనీకి, 1968–71లో మన హైదరాబాదులో ఇసిఐఎల్‌కు, 1970ల మొదట్లో కలోల్‌లో ఇఫ్కోకు. ఇసిఐఎల్ అంటే ఇప్పుడు ఒక కంపెనీ పేరు మాత్రమే కాదు, ఆ ప్రాంతం పేరే అది, బస్సు బోర్డు మీద గూడ అదే రాస్తరు. ఆ బస్సెక్కేటోళ్లలో ఎంతమందికి తెలుసో, ప్రిట్జ్‌కర్ వచ్చిన చెయ్యి అక్కడ ఇండ్లు గీసిందని.

1973లో అహ్మదాబాదులో ఎల్ఐసి కాలనీ, బీమానగర్ అంటారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ప్లాను అది. మామూలుగా పెద్దోళ్ల ఇండ్లు ఒక వీధిలో, చిన్నోళ్లవి ఇంకో వీధిలో కదా. ఆయన ఒకదాని మీద ఒకటి పెట్టిండు. పెద్ద ఇల్లు కింద, దానికన్నా చిన్నది నడుమ, అన్నిటికన్నా చిన్నది పైన. పైకి పోయినకొద్దీ ఇల్లు చిన్నదైతది, డాబా జాగా దొరుకుతది. ముగ్గురికీ ఒకటే మెట్లు. యాభై ఏండ్లలో జనం గదులు పెంచుకున్నరు, డాబాలు మూసుకున్నరు, మొదటి రూపం గుర్తుపట్టరాకుండ మారింది. దానికి ఆయన ఏడవలేదు, సంతోషపడ్డడు. మా సార్లైతే కిటికీ రంగు మారిస్తేనే ముఖం మాడ్చుకునేటోళ్లు.

ఇంక ఇండోర్‌లో ఆరణ్య. 1980ల్లో ఇండోర్ అభివృద్ధి సంస్థ కోసం గీసింది. 85 హెక్టార్ల పైచిలుకు నేల, దాదాపు 6,500 ప్లాట్లు, అందులో నూటికి 65 బీదవాళ్లకే. బీదవాళ్ల ప్లాటు 35 చదరపు మీటర్లు, మన లెక్కలో 42 గజాలు. పూర్తి ఇల్లు కట్టియ్యలేదు. పునాది మట్టం దాకా లేపి, కక్కూసు, స్నానం జాగా, నల్లా పెట్టి, కొన్నిటికి ఒక గది వేసి ఇచ్చిండ్రు. మిగతాది చేతిల పైసలున్నప్పుడు వాళ్లే కట్టుకోవాలె. ఎట్ల కట్టుకోవచ్చో చూపడానికి 80 నమూనా ఇండ్లు కట్టి చూపిండ్రు. వీధి వైపు ప్రతి ఇంటికి అర మీటరు జాగా వదిలిండ్రు, మెట్లకో, బాల్కనీకో, అరుగుకో. 1995లో దీనికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. నేను ఒకసారి మా అమ్మకు ఈ సంగతి చెప్పిన. అంతా విని, "ముందుగాల కక్కూసు కట్టిండ్రా? ఆ సారుకు పెండ్లాం ఉన్నట్టుంది" అన్నది. ఆగాఖాన్ అవార్డు జ్యూరీ కూడా ఇంత సూటిగా రాసి ఉండదు.

పొగడాల్సింది పొగిడిన. ఇప్పుడు నా మాట వినండి.

ఆ ప్లాన్ల పక్కన పట్టికలుంటయి. ఆర్థికంగా బలహీన వర్గం, అల్పాదాయ వర్గం, మధ్య ఆదాయ వర్గం, అధిక ఆదాయ వర్గం. ప్రతిజ్ఞలో ఉన్నదీ వర్గమే. నేను చూసిన ఏ పట్టికలోనూ కులం కాలమ్ లేదు. కులం ఒక్కటే లేని దేశంలో కట్టిన ఇండ్ల మాదిరి ఉంటయి అవి. బీద బాపనాయన, బీద మాదిగాయన ఒకే కాలమ్‌లకొస్తరు. కాగితం మీద ఇద్దరికీ 42 గజాలే. అదే 42 గజాలు అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చేటప్పుడు, ముందుగదిలో కిరాణం పెట్టి ఉప్పూ పప్పూ అమ్మేటప్పుడు చూడండి. మాదిగోని కొట్లో పాలు ఎవరు కొంటరు? ఇంట్లో ఒక గది దుకాణం చేసుకోవచ్చునని నమూనా ఇల్లు చూపిస్తది. ఎవడు చేసుకోవచ్చో నమూనా ఇల్లు చెప్పదు. ఇది చిన్న లోపం, ఒక కాలమ్ చేర్చితే సరిపోయేది అనుకుంటే పొరపాటు. ఆ కాలమ్ చేర్చితే 'సముదాయం' అన్న మాట అదే పేజీలో నిలబడదు.

అరుగు దగ్గరికి వస్తున్న. మా ఊళ్లో పటేలు ఇంటి అరుగు రెండున్నర అడుగుల ఎత్తు. టేపు పెట్టి కొలవలేదు. మా నాయిన దాని ముందు గొంతుకూచుంటే ఆయన తల సరిగ్గా పటేలు పాదాల దగ్గరకొచ్చేది. ఆ లెక్కన చెప్తున్న. అరుగు అందుకే అంత ఎత్తు. కూర్చునేటోడు, నిలబడేటోడు, నేల మీద కూర్చునేటోడు, ఈ మూడు ఎత్తులు చూపడానికి దానికన్నా మంచి సాధనం లేదు. ఇంటికీ వీధికీ నడుమ జాగా అంటరు కదా, నిజమే. ఇంట్లకు రానియ్యకుండ, వీధిలో పోనియ్యకుండ మమ్మల్ని ఆపి పని చెప్పే జాగా అది. అక్కడ్నే దోసిట్ల పైనుంచి నీళ్లు పోసింది. అక్కడ్నే వెట్టికి పేరు పిలిచింది. 'నడుమ జాగా' గురించి ఇంత కవిత్వం రాసినోళ్లకు ఆ నడుమ ఎవరికీ ఎవరికీ అని అడగాలనిపించలేదా?

అహ్మదాబాదు పోళ్లు గూడ అంతే. ఒక గల్లీ, దాని మొగదల ఒక దర్వాజ, రాత్రయితే మూసుకునే తలుపు, ఒక కావలివాడు. ఒక్కో పోళు ఒక్కో కులానిది, ఒక్కో మతానిది, ఒక్కో వృత్తిది. 2017లో యునెస్కో ఆ పాతబస్తీని ప్రపంచ వారసత్వం అన్నది. చెక్క మీద ఆ చెక్కడాలు అందంగా ఉన్నయి, కాదనను. ఇరుకు గల్లీలో నీడ, చల్లదనం, ఇరుగు పొరుగు పలకరింపు, వాటిని చూసి నేర్చుకొని కొత్త ఇండ్లలో పెట్టడం తెలివైన పనే. కానీ ఆ నీడతో పాటు ఆ దర్వాజ గూడ వారసత్వమే కదా. ఒకటి తీసుకొని రెండోది చూడనట్టు నటిస్తే ఎట్ల? శాస్త్రం నటించలేదు. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుని నివాసం ఊరి బయట అని తేల్చి చెప్పింది. పాత వాస్తు గ్రంథాలు మట్టి రంగును గూడ పంచిపెట్టినయి. తెల్లమట్టి బాపనోనికి, ఎర్రది క్షత్రియునికి, పసుపుపచ్చది కోమటికి, నల్లది శూద్రునికి. ఐదో రంగు లేదు. మాకు మట్టి గూడ కేటాయించలేదు.

పాత ఇండ్లకు వెనక ఒక సందు ఉంటది. పాకీ గల్లీ. ముందు అరుగును వెయ్యి ఫోటోలు తీసినోళ్లు ఆ వెనక సందును ఒక్క ఫోటో తీసింది నేను చూడలేదు. 1993లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. చేతులతో మలం ఎత్తించడాన్నే కాదు, అట్లాంటి పొడి మరుగుదొడ్లు కట్టడాన్ని గూడ నిషేధించింది. అర్థం చేసుకోండి. ఒక గదిని కట్టొద్దని దేశం చట్టం చేయాల్సొచ్చింది! 2013లో ఇంకో చట్టం. మరి అన్నేండ్లు ఆ గది గీసింది ఎవరు? కట్టమని మేస్త్రికి చెప్పింది ఎవరు? 1990ల్లో నేనే గీసిన ప్లాన్లలో ఇంటి వెనక, బయటి నుంచే తలుపున్న ఒక కక్కూసు ఉండేది. దాని మీద 'సర్వెంట్' అని రాసేటోణ్ణి. ఎందుకు సార్ ఇంట్ల మూడున్నయి గదా అంటే, క్లయింటు అడిగిండు అనేటోడు సారు. క్లయింటు అడిగిండు అన్న మాటతో ఆ విద్య మొత్తం చేతులు కడుక్కుంటది.

బరోడా అన్న కదా. ఎరువుల టౌన్‌షిప్ రావడానికి యాభై ఏండ్ల ముందు, 1917లో, అమెరికాలో, ఇంగ్లాండులో చదువుకొని వచ్చిన ఒక యువకుడు ఆ ఊళ్లో సంస్థానం ఉద్యోగంలో చేరడానికి వచ్చిండు. ఇల్లు దొరకలేదు. అంబేద్కర్‌కు బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకొని కొన్నాళ్లు తలదాచుకున్నడు. కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఒక హిందూ మిత్రుని అడిగిండు, ఒక క్రైస్తవ మిత్రుని అడిగిండు. ఇద్దరూ కుదరదన్నరు. తోటలో చెట్టు కింద కూర్చొని బొంబాయి రైలు కోసం ఎదురుచూసిండు. ఆయన దగ్గర పైసలు లేవా? జీతం లేదా? ఏ ఆదాయ వర్గం కిందికి వస్తడు ఆయన? మీ పట్టికలో ఏ గడిలో రాస్తరు?

తర్వాత యాభై ఏండ్లకు అదే బరోడాలో, మన హైదరాబాదులో టౌన్‌షిప్‌లు కట్టినంక ఒక తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలె. వేరే ఒక ప్రభుత్వ కంపెనీలో మా చిన్నాయన ఎస్సీ రోస్టర్‌లో ఫిట్టర్‌గా చేరిండు. క్వార్టరు వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, కక్కూసు. గొప్ప వాస్తుశిల్పి గీసింది కాదు, అగ్గిపెట్టె. ఎడమ పక్క ఒక రెడ్డి, కుడి పక్క ఒక పంతులు. ఏడాది దాకా ఆ ఇండ్లవాళ్లు మా చిన్నమ్మ చేతి నీళ్లు తాగలేదు. నల్లా దగ్గర ఆమె బిందె తీసినంకనే తమ బిందె పెట్టేటోళ్లు, అది గూడ కడిగి. కానీ ఖాళీ చేయమనలేదు. ఎట్లంటరు? అలాట్‌మెంట్ ఆర్డరు మా చిన్నాయన పేరు మీదున్నది. కింద మేనేజర్ సంతకం ఉన్నది. మూడో ఏడు పంతులు బిడ్డ, మా చెల్లె ఒకే సైకిల్ మీద బడికి పోయిండ్రు.

అరుగు లేదు ఆ క్వార్టరుకు. నడుమ జాగా లేదు. సముదాయం గురించి ఆలోచించినోడు ఎవడూ లేడు. ఒక కాగితం ఉన్నది. రోస్టర్ పట్టిక, సీనియారిటీ లిస్టు, అలాట్‌మెంట్ ఆర్డరు. ఇండ్ల చరిత్ర రాసేటోళ్లు ప్లాన్లు అచ్చేస్తరు, సెక్షన్లు అచ్చేస్తరు, ఫోటోలు అచ్చేస్తరు. అలాట్‌మెంట్ రిజిస్టరు ఏ పుస్తకమన్నా అచ్చేసిందా? ఇల్లు ఎట్లుందో ప్లాను చెప్తది, అందులోకి ఎవరొచ్చిండ్రో రిజిస్టరు చెప్తది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని మాకు ఆ ఇల్లు అర్థం కాదు. బీమానగర్‌లో ముగ్గురు ఒకే మెట్లెక్కిండ్రు సరే. ఆ మెట్ల మీద ఎన్ని కులాలు ఎక్కినయి?

క్వార్టర్లలో అంతా సమానమని నేను అనడం లేదు. హోదాను బట్టి టైపులు. చండీగఢ్‌లో ప్రభుత్వ ఇండ్లకు 13 తరగతులు పెట్టిండ్రు, ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు దాకా. ఊడ్చేటోళ్లు ఎప్పుడూ చివరి టైపులోనే ఉన్నరు, వాళ్లందరూ మనోళ్లే. అయినా ఆ చివరి టైపు కన్నా ముందు టైపుకు పోవడానికి ఒక నిచ్చెన ఉండేది. 1991 తర్వాత ఆ నిచ్చెనను మెల్లగ తీసేసిండ్రు. రెగ్యులర్ పోస్టులు తగ్గినయి, కాంట్రాక్టు లేబర్ వచ్చింది. కాంట్రాక్టు లేబర్‌కు క్వార్టరు లేదు, రోస్టర్ లేదు. చిన్నాయన రిటైరై క్వార్టరు అప్పజెప్పినంక ఆయన కొడుకు నగరంలో కిరాయి ఇల్లు వెతికిండు. "మీరేమిట్లు?" అని అడిగిండ్రు. ఈమధ్య అది గూడ అడుగుతలేరు. "ప్యూర్ వెజ్" అని బోర్డు పెడితే సరిపోతది. చదువుకున్న కులం అట్ల మాట్లాడుతది.

కాగితం మా పక్షాన పనిచేసినట్టే మా మీదికి గూడ వస్తది. 2005 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అహ్మదాబాదుకు చెందిన ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో తీర్పు చెప్పింది. పార్సీలకు తప్ప వేరేవాళ్లకు సభ్యత్వం లేదన్న ఆ సంఘం నియమం చెల్లుతుందన్నది. పార్సీలు గుప్పెడు మంది, వాళ్ల భయాలు వాళ్లవి. కానీ ఆ న్యాయం పార్సీల దగ్గరే ఆగుతదా? పెద్ద కులాల సొసైటీలకు అంతకన్నా మంచి గొడుగు ఏం కావాలె? పోళుకు దర్వాజ ఉండేది, రాత్రి మూసేది. సొసైటీకి బైలా ఉంటది, పగలు గూడ మూసే ఉంటది. దోషి నగరంలోనే ఇది జరిగింది. ఆయన ఇండ్ల గురించి రాసినోళ్లు గాలి ఎటు నుంచి వస్తదో రాసిండ్రు, వెలుతురు ఎటు నుంచి పడుతదో రాసిండ్రు. సభ్యత్వం ఎటు నుంచి వస్తదో రాయలేదు.

ఇంకొక మాట, ఇది మన దగ్గరి పెద్దమనుషులకు. మట్టిగోడ అందం, పెంకుటిల్లు చల్లదనం, సిమెంటు డబ్బాల వికారం గురించి మీరు ఉపన్యాసాలిస్తరు. మావాళ్లు స్లాబు ఇల్లు కావాలంటే నవ్వుతరు. మట్టిగోడ వానకు కూలితే కింద పడ్డది మా తమ్ముడు. గడ్డి కప్పు మీద అగ్గిపుల్ల వేస్తే ఎంతసేపట్లో వాడ బూడిదయితదో మాకు తెలుసు, వేసేటోళ్లకు గూడ తెలుసు. స్లాబు అంటుకోదు. సిమెంటు గోడను గునపంతో పొడిచినా ఒక రాత్రిలో కూలదు. మాకు డాబా అంటే హోదా మోజు అనుకునేటోళ్లు మా వాడలో ఒక్క ఎండాకాలం కాపురం చేయండి. ఎండకు స్లాబు కాలుతది, నిజమే, వేడికి సచ్చిపోతం. ఆ వేడికి మందు చెప్పండి, వింటం. గుడిసెకు తిరిగిపొమ్మంటే మాత్రం వినం.

సముదాయం గురించి మాకు పాఠాలు చెప్పేటోళ్లు కారంచేడు పోయి నేర్చుకోవచ్చు. 1985 జూలై 17న ఆరుగురిని చంపిండ్రు. గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర, మాదిగలు తాగే నీళ్లను ఖరాబు చేయొద్దన్నందుకు. నీళ్లు ఎక్కడ, ఇండ్లు ఎక్కడ, పల్లం ఎటు, ఇవి వాస్తుశిల్పం ప్రశ్నలు కాదా? చనిపోయినోళ్లు పోగా మిగిలినోళ్లు చీరాలకు పోయిండ్రు. ప్రభుత్వం, పెద్దలు తిరిగి ఊళ్లెకు పొమ్మన్నరు. పోలేదు. అక్కడ్నే కాలనీ కట్టుకున్నరు. తరతరాల అరుగులను, వీధులను, చెరువును, 'సముదాయాన్ని' మొత్తం వదిలేసి సర్కారు సిమెంటు ఇండ్లలో ఉంటమన్నరు. మన తెలుగు నేల మీద అంతకన్నా పెద్ద నగర ప్రణాళికా నిర్ణయం నాకు తెల్వదు. ఏ ఆర్కిటెక్చర్ కాలేజీ సిలబస్‌లో అది లేదు. ఆ ఏడాదే కేంద్రం ఇందిరా ఆవాస్ మొదలుపెట్టింది, ఎస్సీ ఎస్టీలకు, వెట్టి నుంచి విడిపించినోళ్లకు ఇండ్లు అని. కోట్ల మంది ఇండ్ల సంగతి అది. ఆ ఇండ్ల మీద ఒక్క అందమైన పుస్తకం చూపండి. మా ఊళ్లో ఆ కాలనీని గూడ ఊరికి ఇంకో కొసన, చెరువు కట్ట కింద వేసిండ్రు. స్థలం ఎంపిక చేసింది ఎమ్మార్వో, చూపించింది పటేలు.

మీరు చదువుకుంటున్నోళ్లు, అందుకే మీకు చెప్తున్న. దోషి ఇండ్లు చూడటానికి పోండి. అహ్మదాబాదుకు పోలేకపోతే ఇసిఐఎల్ దాకా పోండి. బాగా చూడండి, కొలుచుకోండి, నేర్చుకోండి, కక్కూసుతో మొదలుపెట్టడం గూడ నేర్చుకోండి. వచ్చేటప్పుడు ఆఫీసుకు పోయి అలాట్‌మెంట్ రిజిస్టరు అడగండి. ఇయ్యకపోతే 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉన్నది, అర్జీ పెట్టండి. ఏ క్వార్టరులో ఎవరున్నరో, ఏ ఏడు మారిండ్రో, ఎవరు అమ్ముకొని పోయిండ్రో మీ ప్లానులో రాసుకోండి. అది రాస్తే ఆ షీటు వాస్తుశిల్పం కాదు, సోషియాలజీ అంటరు. అననియ్యండి.

మా అన్న బిడ్డ ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్నది. పోయినేడు పిల్లలందరినీ పాత ఇండ్లు కొలిచి గీయడానికి ఒక అగ్రహారానికి తీసుకపోయిండ్రు. ఈమెకు ఒక మండువా లోగిలి వచ్చింది. అందరి లెక్కనే అరుగు, స్తంభాలు, తలుపు చెక్కడం గీసింది. తర్వాత ఇంటి వెనకకు పోయి, దొడ్డి గోడకు ఇటుకలతో పూడ్చేసిన ఒక చిన్న తలుపు చూసింది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. దాని అవతల సందు. ఇంటి ముసలమ్మను అడిగితే, అది వాళ్లొచ్చే దారమ్మా అన్నదంట. అమ్మాయి ఆ తలుపును కొలతలతో సహా గీసింది, సందును గూడ గీసింది, సందు పోయి ఎక్కడ తేలుతదో నడిచి చూసి వాడ దాకా గీసింది. షీటు చాలకపోతే ఇంకో షీటు అతికించింది. ఇల్లు ఇక్కడికే అయిపోతది కదా, ఈ రెండో షీటు ఎందుకు అని అడిగిండంట సారు. ఇల్లు అక్కడికి అయిపోదు సార్ అన్నదంట ఈమె. మార్కులు ఇంకా వేయలేదు.